ఏ లైబ్రరీలో ఏ పాత పుస్తకం ఉందో రాష్ట్రమంతా ఒకే చోట వెతుక్కునేలా చేయగలమా? బెజవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి

బుడమేరు పక్కింటోడు:

నమస్తే అండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు మా పెదనాన్న గారి పుస్తకాల బీరువాలో కింది రెండు అరలు మునిగిపోయాయి. మనుషులం మేడెక్కాం, గ్యాస్ బండ ఎక్కించాం, బియ్యం బస్తా ఎక్కించాం, ఆ హడావుడిలో పుస్తకాలు ఎవరికి గుర్తుంటాయి. నీళ్లు తీశాక చూస్తే బీరువా తలుపు రాదు, లోపల పుస్తకాలు ఉబ్బి బిగుసుకుపోయాయి. గునపం పెట్టి తెరిచాం. ఒక్కొక్కటీ తడి ఇటుకలా చేతికొచ్చింది. ఎండలో పెడితే అప్పడాల్లా గట్టిపడ్డాయి కానీ పేజీలు విడిపోలేదు.

పెదనాన్న గారు అన్నిటికంటే ఎక్కువ బాధపడింది ఒక చిన్న పుస్తకం గురించి. పొగాకు సాగు మీద, 1930ల్లో అచ్చయింది. మా తాతయ్య అంచుల్లో పెన్సిలుతో ఎకరానికి ఎంత ఖర్చయిందో లెక్కలు రాసుకున్న కాపీ. ఆ లెక్కలు ఎలాగూ పోయాయి, కనీసం ఇంకో కాపీ తెచ్చి చూపిద్దామని తిరగడం మొదలుపెట్టా. బెజవాడలో ఒక లైబ్రరీకి వెళ్తే "ఉండొచ్చు, ఆ బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నారు" అన్నారు. గుంటూరులో ఒక కాలేజీలో కార్డు కేటలాగు ఉంది, కార్డు దొరికింది, పుస్తకం దొరకలేదు. ఇంకో చోట లిస్టంతా కంప్యూటర్లో ఉందని చెప్పి చూపించారు, తీరా చూస్తే అది అను అనే పాత డీటీపీ ఫాంటులో కొట్టింది, వెతికితే ఏమీ రాదు, ఆ కంప్యూటరు దాటితే చదవడానికే రాదు. నాలుగు నెలలు, ఏడు లైబ్రరీలు.

అందుకని మేం ఆరుగురం (ఇద్దరు లెక్చరర్లు, ఒక డీటీపీ ఆయన, మిగతావాళ్లం ఊరికే పుస్తకాల పిచ్చోళ్లం) అనుకుంటున్నది ఏంటంటే, కాలేజీలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు, పాత ప్రైవేటు లైబ్రరీలు, దేవస్థానాల లైబ్రరీలు కలిసి రాష్ట్రానికంతటికీ ఒక ఉమ్మడి డిజిటల్ లైబ్రరీ పెట్టుకునేలా ఒక ప్రయత్నం చేద్దామని. మాకు తెలియనివి చాలా ఉన్నాయి. ముందు ఎవరిని కలవాలి, సాఫ్ట్‌వేర్ ఏది, కాపీరైటు గొడవ ఎంతవరకు, అసలు నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉండగా మళ్లీ ఇదెందుకు అని అడిగితే ఏం చెప్పాలి. ఈ పనిలో చేతులు కాల్చుకున్న వాళ్లు ఉంటే మరీ మంచిది.

లెనిన్ సెంటర్ స్కానరు:

అన్నా, మీ పెదనాన్న గారి సంగతి చదివి బాధేసింది. కానీ నా మాట వినండి, కమిటీలు, మీటింగులు, లెటర్‌హెడ్డులు అని మొదలుపెడితే మన మనవలు కూడా ఈ లైబ్రరీని చూడరు. స్కానింగ్ మొదలుపెట్టేయండి, మిగతావి అవే వస్తాయి.

నేను మూడేళ్లుగా లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర కొన్నవి ఇంట్లో స్కాన్ చేస్తున్నా, 140 అయ్యాయి. మొదట్లో జిరాక్స్ మిషన్ లాంటి మామూలు స్కానరు మీద బోర్లించి నొక్కేవాడిని, రెండు పుస్తకాలకు వెన్ను విరిగింది, బుద్ధొచ్చింది. పాత కాగితం పెళుసు, పూర్తిగా తెరిస్తే కుట్టు దగ్గరే విరుగుతుంది. ఇప్పుడు వడ్రంగి చేత వి ఆకారంలో చెక్క స్టాండు చేయించా, పుస్తకం సగమే తెరుచుకుని కూర్చుంటుంది, పైన గాజు పలక, రెండు పక్కలా రెండు కెమెరాలు. గంటకు 200 పేజీలు హాయిగా వస్తాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, కలర్‌లోనే తీయండి, 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గొద్దు. బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే ఫైలు చిన్నదవుతుంది కానీ మరక ఏదో అక్షరం ఏదో తెలీదు, పాత అచ్చులో అరసున్న మరకలా, మరక అరసున్నలా కనిపిస్తుంది. డెమ్మీ సైజు అంటే ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు కదా, 300 డీపీఐ కలర్‌లో కుదించకుండా పేజీకి దాదాపు 12.6 ఎంబీ. 200 పేజీల పుస్తకం రెండున్నర జీబీ. వెయ్యి పుస్తకాలకు రెండున్నర టీబీ. మూడు చోట్ల మూడు కాపీలు పెట్టినా ఏడున్నర టీబీ, నాలుగైదు హార్డ్ డిస్కుల పని. దీనికి ప్రభుత్వాన్ని అడగాల్సిన పనేముంది?

బ్రాడీపేట పాత లైబ్రేరియన్:

స్కానరు తమ్ముడూ, 140 చేశావంటే చాలా సంతోషం. ఆ 140లో ఇప్పటికే ఎవరో స్కాన్ చేసి నెట్‌లో పెట్టినవి ఎన్నో చూశావా? కోపం తెచ్చుకోకుండా ఒకసారి చూసి చెప్పు.

నేను 31 ఏళ్లు లైబ్రరీలో చేసి రిటైరయ్యాను. ఈ ఉమ్మడి లైబ్రరీ అనే మాట నా సర్వీసులో కనీసం మూడుసార్లు విన్నాను. ప్రతిసారీ ముందు స్కానర్లు వచ్చాయి. ఒకసారి అయితే కుర్రాళ్లు వచ్చి అట్ట బాగున్న పుస్తకాలే ఏరుకుని స్కాన్ చేసుకుని పోయారు, ఎందుకంటే వాళ్లకు రోజుకు ఇన్ని పేజీలని లెక్క. పెళుసుగా ఉన్నవి, చెదలు పట్టినవి, అంటే నిజంగా చేయాల్సినవి, అలాగే ఉండిపోయాయి. వాళ్లు చేసిన ఫైళ్లు ఒక్కటీ మా లైబ్రరీకి తిరిగి ఇవ్వలేదు.

కాబట్టి బుడమేరు బాబూ, మీరు ముందు చేయాల్సింది జాబితా. ఏ లైబ్రరీలో ఏముందో ఒక ఉమ్మడి పట్టీ. దానికి స్కానరు అక్కర్లేదు, ఫోను చాలు. ప్రతి లైబ్రరీలోనూ ఏక్సెషన్ రిజిస్టరు ఉంటుంది, కార్డులు పోయినా, కంప్యూటరు పాడైనా రిజిస్టరు పోదు, ఎందుకంటే ఆడిట్ వాళ్లు అడిగేది దాన్నే. పెద్ద పొడుగాటి పుస్తకం, వరసగా నంబరు, తేదీ, రచయిత, పేరు, ప్రచురణ, సంవత్సరం, పేజీలు, ధర, ఎవరి దగ్గర కొన్నారో లేదా ఎవరిచ్చారో. అందులో 1960కి ముందు చేరినవి మాత్రం ముందు ఎక్కించండి. చాలా చోట్ల రెండు మూడు రిజిస్టర్లకు మించవు.

ఈ పని ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెప్తాను. భారతి పత్రిక 1924లో మొదలైంది. ఒక లైబ్రరీలో ఒక ఏడాది సంచికలు ఉంటాయి, మధ్యలో రెండు నెలలవి ఉండవు. ఇంకో ఊళ్లో ఆ రెండు నెలలవీ ఉంటాయి కానీ మొదటి ఫారం (కలిపి మడిచి కుట్టిన మొదటి పేజీలు) చిరిగి ఉంటుంది. ఒక్కో లైబ్రరీ తన కాపీ తాను స్కాన్ చేసుకుంటే రెండు అసంపూర్తి ఫైళ్లు వస్తాయి. ఎవరి దగ్గర ఏముందో తెలిస్తే ఒక పూర్తి సంపుటం వస్తుంది. సంస్థలు కలిసి చేయాలనడానికి ఇంతకంటే కారణం నాకు కనపడదు.

ఇక లైబ్రేరియన్లు ఎందుకు పుస్తకం బయటకు ఇవ్వరో కూడా తెలుసుకోండి, పిసినారితనం కాదు. స్టాక్ వెరిఫికేషన్లో పుస్తకం తగ్గితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ సీట్లో ఉన్న మనిషే, ఒక్కోసారి జేబులోంచి కట్టాలి. "సార్, మంచి పని కోసం" అని మీరు నోటితో అడిగితే ఆయన ఎలా ఇస్తాడు? పైఅధికారి సంతకంతో ఒక కాగితం తీసుకెళ్లండి. పుస్తకం లైబ్రరీ గడప దాటదు, స్కానింగ్ అక్కడే జరుగుతుంది, ఫైళ్ల కాపీ ఒకటి ఆ లైబ్రరీకే ఇస్తాం, ప్రతి ఫైలు మీద ఆ లైబ్రరీ పేరుంటుంది అని రాయించండి. ఈ నాలుగూ కాగితం మీద ఉంటే సగం తలుపులు తెరుచుకుంటాయి. పేరు సంగతి చిన్నది అనుకోకండి, వందేళ్లు ఇల్లు ఇల్లూ తిరిగి చందాలు పోగు చేసి నిలబెట్టిన లైబ్రరీలవి.

కలవడం మనకేమీ కొత్త కాదు కూడా. 1914 ఏప్రిల్లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలోనే కదా ఊరూరి లైబ్రరీల వాళ్లు కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నది. చిలకమర్తి వారు అధ్యక్షులు, నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. తర్వాత గ్రంథాలయ సర్వస్వం అని పత్రిక కూడా పెట్టారు. అప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది పోస్టు కార్డులు, రైలు టికెట్లు. 1935 ప్రాంతంలో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు తిప్పారు. మనం ఎక్సెల్ షీటు తిప్పలేమా?

బెంజి సర్కిల్ నిజం:

అందరూ చాలా ఉత్సాహంగా ఉన్నారు, చెడగొట్టడం ఇష్టం లేదు కానీ ఒకటి చెప్తా. ఇది ప్రభుత్వం దాకా వెళ్తే పోర్టల్ ప్రారంభోత్సవం ఘనంగా జరుగుద్ది, టెండర్ ఎవరికో వస్తుంది, మూడేళ్ల తర్వాత సర్వర్ కాంట్రాక్టు అయిపోద్ది, సైటు ఓపెన్ కాదు, ఫోన్ చేస్తే ఆ సెక్షన్ వేరే బిల్డింగుకి మారింది అంటారు. ప్రభుత్వం దాకా వెళ్లకపోతే మీ ఆరుగురిలో ఒకరికి ట్రాన్స్‌ఫర్, ఒకరికి పెళ్లి, ఒకరు అమెరికా. ఏది జరిగినా ఫైళ్లు బతికుండే ఏర్పాటు ముందు చెప్పండి, తర్వాత మిగతాది.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, అది కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

కోహా కుర్రాడు:

నిజం గారు అడిగింది వెటకారంగా ఉన్నా అసలు ప్రశ్న అదే. నేను ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రరీ సాఫ్ట్‌వేర్ చూస్తాను కాబట్టి నాకు తెలిసినంత చెప్తా.

ఫైళ్లు ఎలా బతుకుతాయో మనకు కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు వాళ్లు మొదలుపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది, లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు, తెలుగువి కూడా వేలల్లో. ఆ సైటు ఆగిపోయింది. కానీ అప్పటికే కొందరు ఆ ఫైళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు కాబట్టి ఈ రోజు మనం అవి చదువుతున్నాం. అంటే సైటు పోయినా పుస్తకం పోలేదు, ఎందుకంటే రెండో చోట ఉంది కాబట్టి. మన రూలు కూడా అదే కావాలి. ఏ ఫైలూ ఒక్క సంస్థ దగ్గరే ఉండకూడదు, బుడమేరు కృష్ణా రెండూ ఒకేసారి పొంగినా (పొంగాయి కూడా) మునగని ఊళ్లో ఒక కాపీ ఉండాలి. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి 2000 ఆగస్టులో వరద నీళ్లొచ్చి అరుదైన ఉర్దూ పుస్తకాలు ఎన్ని పాడయ్యాయో తెలిసినవాళ్లకు తెలుసు.

ఉమ్మడి లైబ్రరీ అనగానే అందరూ ఒక పెద్ద గోడౌన్ ఊహించుకుంటారు, అందరి ఫైళ్లూ తెచ్చి అందులో పోయడం. అలా అక్కర్లేదు. ఎవరి ఫైళ్లు వాళ్ల దగ్గరే ఉంటాయి, మధ్యలో వివరాలు మాత్రమే ఒక చోటికి వస్తాయి. దీనికి ఓఏఐ-పీఎంహెచ్ అనే పద్ధతి పాతికేళ్ల నుంచి ఉంది. డీస్పేస్ అని డిజిటల్ లైబ్రరీ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్, ఎంఐటీ, హెచ్‌పీ వాళ్లు కలిసి 2002లో తెచ్చారు, మన యూనివర్సిటీలకు కొత్త కాదు. ప్రతి సంస్థ తన డీస్పేస్‌లో పుస్తకం పెడితే మధ్యలో ఉన్న సర్వరు రాత్రిపూట వచ్చి కొత్త వివరాలు పట్టుకుపోతుంది. మీరు వెతికేది మధ్య సర్వర్లో, చదివేది ఆ లైబ్రరీ సైట్లో. నేషనల్ డిజిటల్ లైబ్రరీ, అదే ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు నడిపేది, అది కూడా చాలావరకు ఇలాగే పని చేస్తుంది. అందుకని "అది ఉండగా ఇదెందుకు" అని అడిగితే జవాబు తేలిక. వాళ్లు పట్టుకెళ్లడానికి మన దగ్గర ముందు ఏదో ఒకటి ఉండాలిగా. వేటపాలెంలోనో తెనాలిలోనో బీరువాలో ఉన్న పుస్తకం వివరం ఎవరూ ఎక్కించకపోతే ఖరగ్‌పూర్ వాళ్లకు ఎలా కనపడుద్ది?

బయట కూడా బాగా నడిచినవి ఇలాంటివే. అమెరికాలో 2013లో మొదలైన డిజిటల్ పబ్లిక్ లైబ్రరీ పుస్తకాలు తన దగ్గర పెట్టుకోదు. రాష్ట్రానికో ప్రాంతానికో ఒక హబ్బు, ఆ హబ్బు చిన్న లైబ్రరీలకు స్కానింగ్ నేర్పి, వివరాలు సరిచేసి పైకి పంపుతుంది. జార్జియా రాష్ట్రంలో గెలీలియో అని 1995 నుంచి ఉంది, అక్కడ యూనివర్సిటీలు మొదలుపెడితే తర్వాత పబ్లిక్ లైబ్రరీలు, స్కూళ్లు చేరాయి. అన్నీ ఒకేసారి చేరలేదు, అది గమనించండి. పక్కనే తమిళనాడులో తమిళ్ వర్చువల్ అకాడమీ వాళ్ల డిజిటల్ లైబ్రరీ చూడండి, కుళ్లు పుట్టుద్ది.

ఇక పేర్ల గొడవ. మన దగ్గర అన్నిటికంటే పెద్ద రోగం ఇదే. ఒకే రచయిత ఒక చోట ఇంటిపేరుతో, ఒక చోట పొడి అక్షరాలతో, ఒక చోట లక్ష్మీనరసింహం, ఇంకో చోట లక్ష్మీ నరసింహము పంతులు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన కేటలాగులైతే ఇక చెప్పక్కర్లేదు. బుడమేరు గారూ, మీ పొగాకు పుస్తకం రచయిత, ప్రెస్సు పేరు నాకు మెసేజ్ చేస్తారా? ఒక అనుమానం ఉంది.

లెనిన్ సెంటర్ స్కానరు:

పాత లైబ్రేరియన్ గారూ, రెండు రోజులు కూర్చుని చూశా. 140లో 61 ఇప్పటికే ఉన్నాయి సార్. అందులో కొన్ని నాకంటే బాగా తీసినవి. మూడేళ్ల ఆదివారాల్లో సగం ఎగిరిపోయాయి. మా ఆవిడకు చెప్పలేదు.

గొంతు వింటాను:

నాకు చూపు లేదు. గుంటూరులో ఉంటా, గ్రూప్ 2కి చదువుతున్నా. ఈ థ్రెడ్డంతా ఫోను చదివి వినిపించింది, అందుకే రాస్తున్నా.

మీరు స్కాన్ చేసిన పుస్తకం నాకు ఒక ఫొటో. ఫోను "ఇమేజ్" అని ఊరుకుంటుంది. 300 డీపీఐ అయినా 600 అయినా నాకు ఒకటే, నిశ్శబ్దం. అక్షరాలుగా మారిస్తేనే నాకు పుస్తకం. అలా బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ తెలుగుకు ఇప్పుడు బాగానే పని చేస్తోంది, కొత్త పుస్తకాలకు అయితే పేజీకి నాలుగైదు తప్పులు, అర్థం చేసుకోగలను. పాత అచ్చులో వత్తులు, బండి ఱలు కలగాపులగం అవుతాయి, "క్ర" ఒక లైన్లో, దాని కింద ఉన్న వత్తు ఇంకో లైన్లో వచ్చి వింటే నవ్వొస్తుంది. అయినా సరే, ఏమీ లేనిదాని కంటే తప్పుల అక్షరాలే నయం. తప్పులు దిద్దే ఓపిక ఉన్నవాళ్లు తెలుగు వికీసోర్స్‌లో ఎప్పటి నుంచో ఉన్నారు, ఒక పక్క పేజీ బొమ్మ, ఇంకో పక్క అక్షరాలు పెట్టి ఒకరు దిద్దుతారు, ఇంకొకరు సరిచూస్తారు. కొత్తగా ఏదో కట్టే ముందు వాళ్లతో మాట్లాడండి.

మా లాంటి వాళ్ల కోసం పుస్తకాన్ని వినేలా మార్చడానికి 2012 సవరణ నుంచి కాపీరైటు చట్టంలోనే మినహాయింపు ఉంది, లాభాపేక్ష లేకుండా చేస్తే. దాన్ని ఉమ్మడి లైబ్రరీ మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. ఎవరికీ గుర్తు రాదు, అందుకని నేనే గుర్తు చేస్తున్నా.

ఇంకోటి, మీరు మాట్లాడే పాత పుస్తకాల కోసం లైబ్రరీకి వచ్చేవాళ్లు తక్కువ. ఇక్కడ లైబ్రరీలు నిండేది మాలాంటి పోటీ పరీక్షల వాళ్లతో. పొద్దున్నే సీటు కోసం బ్యాగులు పెట్టుకుని నిలబడతారు. ఆ పిల్లల్లో వారానికి ఒక గంట ఇచ్చేవాళ్లు 20 మంది దొరికితే మీ రిజిస్టర్లు నెలలో ఎక్కుతాయి. అడగండి, కాదనరు.

నల్లకోటు:

కాపీరైటు గురించి అడిగారు కాబట్టి, కోర్టు భాష లేకుండా చెప్తాను.

రచయిత బతికినంత కాలం, చనిపోయాక 60 ఏళ్లు. ఆ 60 చనిపోయిన మరుసటి జనవరి 1 నుంచి లెక్క. చిలకమర్తి వారు 1946లో పోయారు, 2007 నుంచి ఆయన రచనలు అందరివీ. విశ్వనాథ సత్యనారాయణ గారు 1976లో పోయారు, కాబట్టి 2037 జనవరి 1 దాకా ముట్టుకోకూడదు, ఆయన బెజవాడ మనిషే అన్న చనువుతో కూడా. రచయిత పేరు లేనివి, ప్రభుత్వ ప్రచురణలు అయితే అచ్చయిన నాటి నుంచి 60. పత్రికల దగ్గర జాగ్రత్త, ఒక్కో వ్యాసం ఒక్కొక్కరిది, పాత సంచికలో రాసినాయన నిన్న మొన్నటి దాకా బతికుండొచ్చు. అనువాదమైతే అనువాదకుడి లెక్క వేరే.

చాలామంది కలిపేసే విషయం ఒకటుంది. సెక్షన్ 52 లో ఒక మినహాయింపు ప్రకారం, లాభం కోసం నడపని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్‌గా దాచుకోవచ్చు, కాపీరైటు ఉన్నా సరే. దాచుకోవచ్చు అంటే నెట్‌లో పెట్టొచ్చని కాదు. కాబట్టి మీ ఉమ్మడి లైబ్రరీలో రెండు అరలు ఉండాలి. అందరూ చదివేవి ఒకటి, లోపల దాచుకుని వివరం మాత్రం చూపించేవి ఒకటి. ఇది మొదటి రోజే ఒప్పందంలో రాసుకోకపోతే, ఏదో ఒక రోజు ఎవరి మనవడో నోటీసు పంపుతాడు, భయపడి మొత్తం సైటే మూసేస్తారు. ఒక పుస్తకం మీద అభ్యంతరం వస్తే ఆ ఒక్కటి తీసే పద్ధతి, ఎవరికి రాయాలో, ఎన్ని రోజుల్లో తీస్తారో, ముందే పెట్టుకోండి.

బతికున్న రచయితలను, వాళ్ల పిల్లలను అడగడం మాత్రం మర్చిపోకండి. హక్కు వదులుకోవచ్చు, పబ్లిక్ నోటీసు ఇచ్చినా చాలు. నాకు తెలిసి చాలామంది తెలుగు రచయితలకు పుస్తకం మీద వచ్చే డబ్బు కంటే అది ఎక్కడో ఒక చోట దొరుకుతోందన్న మాటే ఎక్కువ. అడిగే మనిషి లేకే ఆగిపోతుంది.

కోహా కుర్రాడు:

బుడమేరు గారూ, మీ పుస్తకం దొరికింది.

నా అనుమానం నిజమే. నేను చెప్పిన ఆ పాత స్కాన్ల గుట్టలోనే ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినాయన "పొగాకు"లో ఓ బదులు ఏ కొట్టి "పగకు" అని చదివేలా చేశాడు. రచయిత పేరు ఉండాల్సిన చోట ప్రెస్సు పేరుంది, సంవత్సరం దగ్గర సున్నాలు. పేరుతో ఎవరు వెతికినా జన్మలో రాదు. ప్రెస్సు పేరు పెట్టి వెతికి, వచ్చినవాటిని ఒక్కొక్కటీ తెరిచి చూస్తే పదకొండోది అదే. లింకు మెసేజ్‌లో పెట్టా. ఒక చెడ్డ కబురు కూడా, 18, 19 పేజీలు లేవు. స్కాన్ చేసేటప్పుడు రెండు ఆకులు కలిసి తిరిగినట్టున్నాయి.

బుడమేరు పక్కింటోడు:

ఏం చెప్పాలో తెలియట్లేదు అండీ. నాలుగు నెలలు తిరిగింది నా జేబులో ఫోన్లోనే ఉందా!

రాత్రి పెదనాన్న గారికి చూపించా. కళ్లజోడు పెట్టుకుని, వేలితో పెద్దది చేసుకుంటూ, నారుమడి పట్టిక దగ్గర ఆగారు. "ఇదే, ఈ గీత పక్కనే మా నాన్న తొమ్మిది రూపాయల ఆరణాలని రాశాడు" అన్నారు. తర్వాత 17వ పేజీ నుంచి 20కి పోయేసరికి "మధ్యలోది ఏదిరా, పొగ గొట్టాల బేరన్ గురించి అక్కడే ఉండాలి" అని పట్టుకున్నారు (బేరన్ అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం). లేవని చెప్తే ఒప్పుకోలేదు, ఎక్కడో ఉంటుంది వెతకమన్నారు.

సో పాత లైబ్రేరియన్ గారు చెప్పిన చోటే మొదలుపెడుతున్నాం. ముందు నాలుగే నాలుగు లైబ్రరీలు, బెజవాడలో రెండు, గుంటూరులో రెండు. రిజిస్టరు పేజీలు ఫోన్లో ఫొటో తీయడం, గొంతు వింటాను గారు చెప్పినట్టు పరీక్షల పిల్లలతో యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగేలా, వెతకగలిగేలా) కొట్టించడం. అను ఫాంటులో ఉన్న లిస్టును మా డీటీపీ ఆయన మారుస్తానన్నాడు, వత్తులు కొన్ని చేత్తో దిద్దుకోవాలట. రచయిత పేరు రిజిస్టర్లో ఎలా ఉంటే అలా ఒక గడిలో, అందరూ ఒప్పుకున్న రూపం ఇంకో గడిలో. అనుమతి కాగితం నల్లకోటు గారు రాసిస్తామన్నారు, థాంక్స్ సార్. స్కానరు అన్న లిస్టు అయ్యేదాకా స్టాండు దుమ్ము దులిపి పక్కన పెడతానన్నాడు (నమ్మకం లేదు).

ఒక లైబ్రరీ నుంచి నోటిమాటగా సరే అని వచ్చింది, కాగితం చూపిస్తే ఈ ఆదివారమే రమ్మన్నారు. బ్రాడీపేట సార్, మీరు రాగలరా? రిజిస్టర్ల చేతిరాత మా వల్ల కాదనిపిస్తోంది. అందులో ధర అణా పైసల్లో ఉంది, కొన్ని చోట్ల తేదీ తెలుగు సంవత్సరం పేరుతో ఉంది.

బెంజి సర్కిల్ నిజం:

రెండో కాపీ ఏ ఊళ్లో పెడుతున్నారో ఇంకా చెప్పలేదు.

(నేనూ వస్తా ఆదివారం. టైపింగ్ వచ్చు.)

బ్రాడీపేట పాత లైబ్రేరియన్:

వస్తాను బాబూ. గుంటూరులో మొదటి బస్సు ఎక్కితే ఎనిమిదికల్లా బెజవాడ బస్టాండులో దిగుతాను, ఎవరైనా బండి మీద వస్తే మంచిది, మోకాళ్లు అంతంత మాత్రం. తెలుగు సంవత్సరాల సంగతి నేను చూసుకుంటాను, ప్రభవ నుంచి అక్షయ దాకా నోటికి వచ్చు.

ఆ రెండు పేజీల గురించి పెదనాన్న గారికి చెప్పండి, గుంటూరు కాలేజీలో కార్డు దొరికిందన్నారు కదా, కార్డు మీద ఎడమ పక్క పైన ఒక నంబరుంటుంది, అది రాసుకున్నారా? పుస్తకం బీరువాలో లేదంటే బైండింగుకు కట్టిన కట్టల్లో ఉండొచ్చు. చాలా లైబ్రరీల్లో బైండింగ్ కట్టలు విప్పకుండా ఏళ్ల తరబడి అటక మీద ఉంటాయి. నంబరు ఉంటే నేను ఫోన్ చేసి అడుగుతాను, అక్కడ నా దగ్గర పని నేర్చుకున్నమ్మాయి ఉంది.

పిల్లలకు మాత్రం ముందే చెప్పండి. ఫ్లాష్ వెయ్యొద్దు, కిటికీ పక్కన కూర్చోండి. రిజిస్టరు పేజీ తిప్పేటప్పుడు వేలికి ఉమ్మి తడి చేయొద్దు, అవి పాత సిరా, ఇట్టే అంటుకుపోతాయి. లోపల కలరా ఉండలు ఉంటాయి, ముక్కుకు రుమాలు తెచ్చుకోండి.